కెనడా పీఆర్‌తో మొదటి ప్రయాణం: ఏ రూట్ తీసుకోవాలి, ట్రాన్సిట్ వీసా ఎవరికి కావాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరు నుంచి మీరు, మీ ఆవిడ, నాలుగేళ్ల పాప, పది నెలల బాబు వెళ్తున్నారు. పాస్‌పోర్టుల్లో కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) వీసాలు అతికించి వచ్చేశాయి, సీఓపీఆర్ కాగితాలు, అంటే పీఆర్ ఖాయమైందని చెప్పే పత్రాలు, చేతిలో ఉన్నాయి, ఉండబోయేది కాల్గరీలో. ఏజెంట్ మూడు రూట్లు చూపించాడు: న్యూయార్క్ మీదుగా ఒకటి, ఇది నలుగురికీ కలిపి 38 వేలు తక్కువ, ఢిల్లీ, టొరంటో మీదుగా ఒకటి, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా ఒకటి. వీటిలో దేనికి ట్రాన్సిట్ వీసా (మధ్యలో దిగి విమానం మారడానికి తీసుకునే వీసా) కావాలి, ఏది తీసుకోమంటారు అని.

న్యూయార్క్ వదిలేయండి. ఆమ్‌స్టర్‌డామ్ తీసుకోండి. ఢిల్లీ రూట్ కూడా పర్వాలేదు గానీ దాంట్లో ఒక మెలిక ఉంది, అది కింద చెప్తాను, నేను స్వయంగా తిన్న దెబ్బ కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

న్యూయార్క్ ఎందుకు వద్దంటే, అమెరికాలో ఎయిర్‌పోర్టు లోపలే ఉండి ఇంకో విమానం ఎక్కేయడం అనే పద్ధతే లేదు. మీరు దిగేది రెండు గంటల కోసమే అయినా వాళ్ల దృష్టిలో మీరు అమెరికాలోకి వచ్చినట్టే, ఇమిగ్రేషన్ లైన్లో నిలబడాలి, బ్యాగులు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, మళ్లీ బ్యాగులు ఇచ్చి సెక్యూరిటీ దాటాలి. అందుకని నలుగురికీ, పది నెలల బాబుతో సహా, సీ1 ట్రాన్సిట్ వీసా ఉండాలి. ఇప్పటికే బీ1 బీ2, అంటే అమెరికా విజిటర్ వీసా చెల్లుబాటులో ఉంటే దాంతో వెళ్లొచ్చు, మీరు లేదన్నారు కాబట్టి ఆ మాట వదిలేద్దాం. సీ1 ఫీజు మనిషికి 185 డాలర్లు, నలుగురికి 740 డాలర్లు, అది 60 వేల రూపాయలు దాటిపోతుంది. ఇక మీకు మిగిలే 38 వేలు ఎక్కడ? ఇంటర్వ్యూ స్లాట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మీ సీఓపీఆర్ గడువు కరిగిపోతూ ఉంటుంది, అది వేరే టెన్షన్. ఏజెంట్‌కి ఈ సంగతి తెలియదనుకోను, టికెట్ అమ్మడం వరకే తన పని అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇప్పుడు అసలు లాజిక్. చాలామంది "ఫలానా దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలా వద్దా" అని ఒక్క మాటలో అడుగుతారు, కానీ జవాబు ఒక్క మాటలో ఉండదు. మూడు సంగతులు కలిపి చూడాలి: మీ పాస్‌పోర్టు ఏ దేశానిది, అందులో ఇంకా ఏ దేశపు వీసా ఉంది, మధ్యలో దిగిన చోట మీరు గేటు దాటి బయటికి వస్తున్నారా లేదా. ఈ మూడోదే మనవాళ్లని ముంచేది. విజయవాడ బస్టాండులో ఒక ప్లాట్‌ఫారం మీద దిగి ఇంకో ప్లాట్‌ఫారం మీద బస్సెక్కడం వేరు, బయటికి వచ్చి ఆటో మాట్లాడుకుని రైల్వే స్టేషన్‌కి పోవడం వేరు. మొదటిది ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్. రెండోదైతే మీరు ఆ దేశంలో కాలు పెట్టినట్టే. బ్యాగుల కోసం బయటికి రావాల్సి వచ్చినా, టెర్మినల్ మారడానికి బయటి దారే ఉన్నా, రెండు టికెట్లు విడివిడిగా కొన్నా మీరు రెండో రకంలోకి వెళ్లిపోతారు.

యూరప్ సంగతికి వద్దాం. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో) కొన్ని మన పాస్‌పోర్టుకి ఎయిర్‌పోర్టు ట్రాన్సిట్ వీసా అడుగుతూ వచ్చాయి, కొన్ని అడగలేదు, దేశాల వారీ జాబితాలు మారుతూ ఉంటాయి. అదృష్టం ఏంటంటే మీకు ఆ జాబితాలతో పని లేదు. యూరోపియన్ యూనియన్ వీసా కోడ్‌లోనే రాసి ఉంది, చెల్లుబాటయ్యే కెనడా, అమెరికా లేదా జపాన్ వీసా ఉన్నవాళ్లకి ఎయిర్‌పోర్టు ట్రాన్సిట్ వీసా అక్కర్లేదని. మీ పాస్‌పోర్టులో అతికించిన పీఆర్ వీసా ఉంది కదా, అది కెనడా వీసానే. ఒకటి గుర్తుంచుకోండి, మినహాయింపు ఇచ్చేది ఆ స్టిక్కర్, సీఓపీఆర్ కాగితం కాదు. కౌంటర్లో ముందు పాస్‌పోర్టులో ఆ పేజీ తెరిచి ఇవ్వండి, కాగితం తర్వాత.

కానీ ఈ మినహాయింపు ఒక్క ఎయిర్‌పోర్టులో, లోపలే ఉండి మారేవాళ్లకి మాత్రమే. షెంగెన్ దేశాల మధ్య సరిహద్దు చెకింగ్ ఉండదు కాబట్టి, మీరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి మ్యూనిక్ వెళ్లి అక్కడ కెనడా విమానం ఎక్కాలంటే, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే పూర్తి షెంగెన్ వీసా కావాలి. పారిస్ దిగి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లినా అంతే. 2024లో నాకు తెలిసిన ఒక విజయవాడ కుటుంబం సరిగ్గా ఇలాంటి టికెట్‌తో శంషాబాద్ వచ్చింది, యూరప్‌లో రెండు ఊళ్లలో దిగే టికెట్, ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించిందని కొన్నారు. చెకిన్ కౌంటర్లో ఆపేశారు. అర్ధరాత్రి ఒంటిగంట, ఎనిమిది పెట్టెలు, వీడ్కోలు చెప్పడానికి వచ్చిన ఇరవై మంది బంధువులు బయట అద్దాల దగ్గర నిలబడి చేతులు ఊపుతూనే ఉన్నారట, లోపల ఏం జరుగుతోందో వాళ్లకి తెలియదు. కౌంటర్లో అమ్మాయి తప్పేం లేదు, సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే ఎయిర్‌లైన్స్ మీద జరిమానా పడుతుంది. వాళ్ల ముందు కంప్యూటర్లో టిమాటిక్ అనే డేటాబేస్ ఉంటుంది, అందులో ఎలా ఉంటే అలాగే, మన వాదనలు పనిచేయవు. అదే సమాచారం ఐఏటీఏ ట్రావెల్ సెంటర్ సైట్‌లో మనమూ చూసుకోవచ్చు. మీ రూట్ అక్కడ కొట్టి చూసి, ఆ పేజీ ప్రింట్ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి, కౌంటర్లో కొత్తవాళ్లు ఉంటే పనికొస్తుంది.

ఆమ్‌స్టర్‌డామ్ నేను ఎందుకు చెప్తున్నానంటే, 2025 సెప్టెంబరు నుంచి డచ్ విమాన కంపెనీ కేఎల్ఎం హైదరాబాద్‌కి నడుపుతోంది, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కాల్గరీకి కూడా అదే కంపెనీ విమానం ఉంది. అంటే ఒకే టికెట్, మధ్యలో ఒకే ఆగుడు. ఆమ్‌స్టర్‌డామ్ ఎయిర్‌పోర్టు స్కిపోల్ అంతా ఒకే టెర్మినల్ కాబట్టి బస్సులెక్కి టెర్మినల్ మారే గొడవ లేదు. సెక్యూరిటీ ఇంకోసారి చూడొచ్చు, అంతకు మించి ఏం లేదు. వారంలో అన్ని రోజులూ ఉండదు కాబట్టి మీ తేదీ కొంచెం అటూ ఇటూ జరుపుకోవాలి. కనెక్షన్‌కి మూడు నుంచి ఐదు గంటలు ఉన్నది చూడండి. పిల్లలతో గంటన్నర కనెక్షన్ తీసుకోకండి, బాబుకి డైపర్ మార్చడానికే అరగంట పోతుంది. లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ వరకు వెళ్లి అక్కడి నుంచి కాల్గరీకి, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో లండన్ వరకు వెళ్లి అక్కడి నుంచి కాల్గరీకి కూడా ఇలాగే కుదురుతుంది, ఒకే టికెట్‌లో భాగస్వామి కంపెనీల విమానాలు కలిపి ఇస్తే.

లండన్ గురించి రెండు ముక్కలు. బ్రిటన్ మన పాస్‌పోర్టుకి లోపలే మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా అడుగుతుంది, అయితే చెల్లుబాటయ్యే కెనడా వీసాతో కెనడా వెళ్తున్నవాళ్లకి మినహాయింపు ఉంది, కాబట్టి లండన్ హీత్రో ఎయిర్‌పోర్టులో దిగి హీత్రోలోనే ఎక్కితే మీకు ఇబ్బంది లేదు. హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కే టికెట్ మాత్రం కొనకండి. రెండూ లండన్ అనే రాసి ఉంటాయి, కానీ మధ్యలో గంటకి పైగా రోడ్డు ప్రయాణం, బ్రిటన్‌లోకి ప్రవేశించాలి, రానివ్వడం రానివ్వకపోవడం అక్కడి అధికారి నిర్ణయం. అంత రిస్కు ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఎందుకు?

గల్ఫ్ రూట్ మీ ఏజెంట్ చూపించలేదు గానీ చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా. దుబాయ్, దోహా, అబుదాబీల్లో లోపలే ఉండి మారడానికి మనకి వీసా అవసరం లేదు, హైదరాబాద్ నుంచి మూడింటికీ విమానాలు ఉన్నాయి, తెలుగువాళ్లకి అలవాటైన దారి. టొరంటో వెళ్లేవాళ్లకి ఇదే నేను మొదట చెప్పేది. కాల్గరీకి అయితే సాధారణంగా టొరంటోలోనో మాంట్రియల్‌లోనో ఇంకోసారి మారాలి. దుబాయ్ నుంచి టొరంటోకే దాదాపు 14 గంటలు, ఆ తర్వాత కాల్గరీకి ఇంకో నాలుగు గంటలు పైనే. 2025 జూన్‌లో ఖతార్ కొన్ని గంటలపాటు గగనతలం మూసేసినప్పుడు ఎంతమంది ఎక్కడెక్కడ ఇరుక్కుపోయారో చూశాం కదా. అలాంటప్పుడు మొత్తం ఒకే టికెట్ మీద ఉన్నవాళ్లకి వేరే విమానం చూపించాల్సిన బాధ్యత కంపెనీది, విడివిడి టికెట్లు కొన్నవాళ్లది ఎవరికి వాళ్లే.

ఇక ఢిల్లీ–టొరంటో–కాల్గరీ. దీంట్లో ఏ దేశపు ట్రాన్సిట్ వీసా గొడవా లేదు, అది పెద్ద సుఖం. ఎయిరిండియాకి ఢిల్లీ నుంచి టొరంటోకి, వాంకూవర్‌కి నేరుగా విమానాలు ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకి గగనతలం మూసేశాక చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది, దాంతో ప్రయాణం పొడుగైంది. డిసెంబరు, జనవరిలో అయితే ఢిల్లీ పొగమంచు ఉంటుంది, హైదరాబాద్ నుంచి పొద్దున్న వెళ్లే విమానం ఆలస్యమైతే మొత్తం గొలుసు తెగిపోతుంది.

పైన చెప్పిన మెలిక టొరంటోలో ఉంది. మీ ల్యాండింగ్, అంటే పీఆర్‌గా మిమ్మల్ని నమోదు చేసుకోవడం, మీరు కెనడాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులో జరుగుతుంది, చివరి ఊళ్లో కాదు. టికెట్ కాల్గరీ వరకు ఉన్నా టొరంటోలోనే ఆ పని అంతా అవ్వాలి. నేను 2019 ఫిబ్రవరిలో వచ్చాను, ఒక్కణ్ణే. టొరంటో వరకు ఒక టికెట్, అక్కడి నుంచి కాల్గరీకి విడిగా చవక టికెట్, మధ్యలో రెండు గంటల ఇరవై నిమిషాలు. చాలనుకున్నాను. పాస్‌పోర్టు లైన్ దాటాక పక్కన ఇమిగ్రేషన్ గదిలోకి పంపారు, అప్పటికే అక్కడ మూడు నాలుగు విమానాల జనం, ఎక్కువమంది మనవాళ్లూ పంజాబీలూ, అందరి చేతుల్లో అదే ప్లాస్టిక్ ఫోల్డర్. నా నంబరు వచ్చేసరికి గంటా నలభై నిమిషాలు. అధికారితో పని పది నిమిషాలే, నేరాలు ఏమైనా ఉన్నాయా, ఇంతకు ముందు ఏ దేశం నుంచైనా పంపించేశారా, డబ్బులు ఎంత తెచ్చావు, అడ్రస్ ఏంటి, ఇక్కడ సంతకం పెట్టు, వెల్‌కమ్ అన్నాడు. బ్యాగులు, కస్టమ్స్ అయ్యేసరికి కాల్గరీ విమానం గాల్లో ఉంది. రెండో టికెట్ విడిగా కొన్నది కాబట్టి ఎవరికీ సంబంధం లేదు, కొత్త టికెట్‌కి నాలుగొందల డాలర్ల పైన పెట్టి, రాత్రంతా ఎయిర్‌పోర్టు బెంచీ మీద అమ్మ కట్టిచ్చిన పులిహోర తింటూ కూర్చున్నాను. పీఆర్ వచ్చిన మొదటి రాత్రి అదీ. పులిహోర మాత్రం బాగుంది.

అందుకే ఢిల్లీ రూట్ తీసుకుంటే మూడు షరతులు. హైదరాబాద్ నుంచి కాల్గరీ దాకా ఒకే పీఎన్ఆర్ ఉండాలి. టొరంటోలో కనీసం నాలుగు గంటలు, చలికాలం అయితే ఐదు ఉండాలి. బ్యాగ్ ట్యాగ్ మీద కాల్గరీ అని ఉన్నా టొరంటోలో తీసుకోవాలా వద్దా అని విమానం దిగగానే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే మీరు సామాన్ల లిస్టు కస్టమ్స్‌కి చూపించాలి. అదే ఆమ్‌స్టర్‌డామ్ రూట్లో అయితే మొదట దిగేది కాల్గరీయే. ల్యాండింగ్ ఎంత ఆలస్యమైనా పట్టుకోవాల్సిన విమానం లేదు, బయట మీ ఫ్రెండ్ కారులో ఇంకో గంట కాఫీ తాగుతాడు, అంతే. నా లెక్కలో ఈ ఒక్క సుఖానికి మనిషికి పది పదిహేను వేలు ఎక్కువ పెట్టొచ్చు.

తేదీ గురించి. మీ సీఓపీఆర్ మార్చి 18 వరకు ఉందన్నారు. మార్చి 15కి బుక్ చేద్దామనుకుంటున్నానని రాశారు, ఉద్యోగంలో నోటీస్ పీరియడ్ అని. వద్దండీ. ఆ తేదీ పొడిగించరు. మంచు తుపాను వచ్చి విమానం రద్దయినా, ముందురోజు బాబుకి నూట రెండు జ్వరం వచ్చినా మీ చేతిలో ఉండేది మూడు రోజులే. కనీసం మూడు వారాలు ముందు దిగండి. కావాలంటే అందరూ వెళ్లి ల్యాండ్ అయ్యాక మీరొక్కరే వెనక్కి వచ్చి నోటీస్ పూర్తి చేసుకోండి. అప్పుడు ఇంకో చిక్కు ఉంటుంది: ఆ పీఆర్ వీసా మొదటి ప్రవేశంతో అయిపోతుంది, మళ్లీ కెనడా విమానం ఎక్కాలంటే పీఆర్ కార్డు చేతిలో ఉండాలి, అది పోస్టులో కాల్గరీ అడ్రస్‌కి వస్తుంది. కార్డు రాకముందే ఇండియా వచ్చేస్తే ఎవరిచేతనైనా తెప్పించుకోవాలి లేదా ఇక్కడ పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్‌కి దరఖాస్తు చేసుకోవాలి. ల్యాండింగ్ అప్పుడు కెనడా అడ్రస్ ఇవ్వలేకపోతే 180 రోజుల్లోపు ఇవ్వాలి, కాబట్టి ఫ్రెండ్ ఇంటి అడ్రస్ ముందే రాసి పెట్టుకోండి, పోస్టల్ కోడ్‌తో సహా.

మీ ఆవిడా పిల్లలూ ముందు వెళ్లి మీరు వెనకాల వెళ్తే ఎలా అని కూడా అడిగారు. ప్రధాన దరఖాస్తుదారు మీరైతే అది కుదరదు. మీతో కలిసి గానీ మీ తర్వాత గానీ వాళ్లు ల్యాండ్ అవ్వాలి. బాబు దరఖాస్తు పెట్టాక పుట్టాడన్నారు, వాడికీ సీఓపీఆర్ వచ్చింది కాబట్టి మీరు చెప్పే ఉంటారు, మంచిది. ఇది చదివే వేరేవాళ్లలో ఎవరికైనా వీసా వచ్చాక పెళ్లయినా బిడ్డ పుట్టినా, విమానం ఎక్కే ముందే ఇమిగ్రేషన్ వాళ్లకి తెలియజేయండి. దాచిపెట్టి ల్యాండ్ అయితే తర్వాత ఆ మనిషిని స్పాన్సర్ చేయడానికి, అంటే మీ కుటుంబంగా కెనడాకి తెప్పించుకోవడానికి, దారి మూసుకుపోతుంది.

సామాన్ల లిస్టు రెండు రాయాలి, వెంట తెస్తున్నవి ఒకటి, తర్వాత తెప్పించుకోబోయేవి ఒకటి. మీ ఆవిడ బంగారం అంతా ఫోటోలు తీసి, తూకం, విలువ రాసిన కాగితంతో ఈ లిస్టులో చేర్చండి. ఈసారి బ్యాంకు లాకర్లో వదిలి వెళ్తున్న నగలు కూడా రెండో లిస్టులో రాయండి, రెండేళ్ల తర్వాత తీసుకెళ్లినప్పుడు సుంకం గొడవ ఉండదు. డబ్బులు నోట్లు, డ్రాఫ్టులు అన్నీ కలిపి 10,000 కెనడా డాలర్లు లేదా ఆ పైన ఉంటే చెప్పాలి. చెప్తే ట్యాక్స్ ఏం ఉండదు, చెప్పకపోతేనే గొడవ. సీఓపీఆర్ మీద ఇంట్లో సంతకం పెట్టకండి, అధికారి ముందే పెట్టాలి. ఈ కాగితాలన్నీ చేతి బ్యాగులోనే, చెకిన్ పెట్టెలో ఒక్కటి కూడా వద్దు.

తిండి సామాను ఏం పట్టుకెళ్తున్నా డిక్లేర్ చేయండి. పచ్చి కరివేపాకు, మొక్కలు, విత్తనాలు పెట్టకండి. ఆవకాయ రెండు కవర్లలో కట్టి, గట్టి డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, ఆ డబ్బాని మళ్లీ ఇంకో కవర్లో పెట్టండి. మా పక్కింటాయన పెట్టెలో నూనె కారి మెషీన్ ఇస్త్రీ చేయించిన ఆయన కోట్లన్నీ ఎర్రబడ్డాయి, మొదటి ఇంటర్వ్యూకి నా కోటు వేసుకెళ్లాడు. పిల్లల జాకెట్లు, సాక్సులు, టోపీలు మాత్రం పెట్టెలో కాకుండా చేతిలో ఉంచుకోండి. ఫిబ్రవరిలో కాల్గరీలో మైనస్ ఇరవై మామూలే, విమానం తలుపుకీ ఎయిర్‌పోర్టు సొరంగానికీ మధ్య ఉన్న చిన్న సందులోంచే చలి కొడుతుంది.

బాబుకి ఉయ్యాల సీటు, అదే బేసినెట్, టికెట్ అయిన రోజే ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి రెండు విమానాల్లోనూ అడగండి. వాళ్ల బరువు పరిమితి కూడా అడగండి, మన పిల్లలు పది నెలలకే దాటేస్తారు. టికెట్ మీద పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు పొడుగని ఏజెంట్ కత్తిరించకుండా చూసుకోండి. డబ్బులు కట్టే ముందు ఐటినరరీ ఫోటో ఇక్కడ పెడితే నేను చూసి చెప్తాను, కాకపోతే పీఎన్ఆర్ మీద వేలు పెట్టి ఫోటో తీయండి, అది, ఇంటిపేరు ఉంటే చాలు, ఎవరైనా మీ బుకింగ్ తెరిచేస్తారు.